పొగ తగలని ఎల్లిగడ్డ

పెళ్లయి అత్తగారింటికి వచ్చేదాకా ఎల్లిగడ్డ నాకు అంగడిలో దొరికే సరుకు, అంతే. మా నాన్న మహారాష్ట్రలోని సిరొంచలో గుమస్తా. అంగడి రోజు ఆయన సంచిలో కూరగాయల అడుగున నాలుగు గడ్డలు వచ్చేవి. అయిపోతే మళ్లీ అంగడి. అవి ఏ నేలలో పెరుగుతాయో, ఏ నెలలో తవ్వుతారో నేనెన్నడూ అడగలేదు. బడిలో మరాఠీలో చదువుకున్నాను కాబట్టి దాని పేరు లసూణ్ అని రాయడం వచ్చు. పుస్తకాల తెలుగులో వెల్లుల్లి అంటారని తర్వాత తెలిసింది. మా ఇళ్లలో మాత్రం అది ఎల్లిగడ్డే.

టీచరు శిక్షణ పూర్తి చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తుండగా నాకు పెళ్లి చేశారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. అత్తగారిది ప్రాణహిత ఒడ్డున ఒక చిన్న ఊరు, వరి పండించే కుటుంబం. మామగారు అంతకు ముందే పోయారు. ఇంట్లో అత్తమ్మ, మా ఆయన, నేను ముగ్గురమే.

పొలం మా ఆయనది. ఎల్లిగడ్డ మడి అత్తమ్మది. వానలు పోయి నది వెనక్కి జరిగాక ఒడ్డున నల్లటి ఒండ్రు మిగులుతుంది. అడుగేస్తే పాదం దిగేంత మెత్తన. అందులో నాలుగు మంచాలు పట్టేంత చోటు ఆమెది. దసరా దాటాక దాన్ని తవ్వి, మాగిన పెంట, పొయ్యి బూడిద కలిపి, చేత్తో పెళ్లలు చిదిపి మడి కట్టేది. ఆ పనిలో కొడుకుని కూడా చెయ్యి పెట్టనిచ్చేది కాదు. నన్ను పెట్టనిచ్చింది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు, నేను ఖాళీగా ఉన్నానని పిలిచిందనుకున్నాను.

ఆమె ఎల్లిగడ్డ చిన్నది. పైపొర ఊదారంగు కలిసిన ఎరుపు. లోపలి పాయలు చిన్నపిల్లల గోళ్లంత సన్నగా ఉండేవి. ఒక్క పాయ చిదిమితే ఆ వాసన చేతికి మరునాటి దాకా ఉండేది. ఆ విత్తనం ఆమెకు తల్లి ఇచ్చింది. నాగేపల్లిలో పుట్టింటి నుంచి పెళ్లికి తెచ్చుకున్న సామానులో ఒక ఎల్లిగడ్డ జడ కూడా ఉందట. అప్పటి నుంచి ఏటా అదే వేసి, అదే తీసి, మళ్లీ అదే వేస్తూ వచ్చింది.

మొదటి ఏడు నాకు నాటడం నేర్పింది. పాయలు ముందు రోజే విడదీయకూడదు, నాటే పొద్దున్నే విడదీయాలి. మొన పైకి ఉండాలి, రెండు వేళ్లంత లోతు చాలు. ఇవన్నీ నోటితో చెప్పలేదు, తను చేస్తుంటే చూడమంది. నేను చూశాను గానీ సరిగా చూడలేదు. ఒక వరుస మొత్తం తలకిందులుగా గుచ్చాను. పది రోజులకు మిగిలిన వరుసలన్నీ పచ్చగా మొలకెత్తాయి, నాది మాత్రం నేల కూడా పగలలేదు. అత్తమ్మ ఒక పాయ తవ్వి చూసింది.

"నెత్తి కిందికి వెట్టి కాళ్లు మీదికి వెడితే నువ్వు పెరుగుతవా బిడ్డా?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అన్నీ తీసి మళ్లీ నాటతానన్నాను. వద్దంది. ఉండనిస్తే అదే దారి వెతుక్కుంటుందంది. నిజంగానే వెతుక్కుంది. ఇంకో వారానికి వరుసంతా మొలిచింది, కాకపోతే మెడలు వంకరగా తిరిగి ఉన్నాయి. ఆ చలికాలమంతా అత్తమ్మ దాన్ని కోడలి వరుస అనే పిలిచింది. "కోడలి వరుసకు నీళ్లు వోసినవా?" అని అడిగేది. ఎగతాళి ఏమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆమెకు ఇష్టమైనవాటికే పేర్లు పెడుతుందని. పాలిచ్చే గేదెకు పేరుంది, దున్నే ఎద్దులకు లేదు.

ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీళ్లు బిందెతో ముంచి మడికి పోసేవాళ్లం. శివరాత్రి నాటికి ఆకులు పసుపు తిరిగి వాలిపోయేవి. అప్పుడు నీళ్లు ఆపేయాలి. హోలీ ముందు చేతి కుర్పితో పక్కన మట్టి కదిపి, ఆకులు తెగకుండా గడ్డను పైకి లాగాలి. వారం రోజులు ఆకులతో సహా నీడన ఆరబెట్టాక, కొంచెం నీళ్లు చిలకరించి ఆకులు మెత్తబడగానే జడ అల్లడమే. మాటలు తక్కువైన మనిషి జడ అల్లేటప్పుడు మాత్రం మాట్లాడేది. తల్లి గురించి చెప్పేది. అక్క గురించి చెప్పేది కాదు.

అక్క ఉందన్న సంగతి నాకు మా ఆయన చెప్పాడు. నాగేపల్లిలోనే ఇచ్చారట ఆమెను. తల్లిని చివరి రోజుల్లో చూసుకున్నది ఆమే. తల్లి నిండు వానాకాలంలో పోయింది. మా ఊరికి ఆ కబురు దినాలు కూడా అయిపోయాక అందింది. అక్క కావాలనే తనకు కబురు పంపలేదని అత్తమ్మ నమ్మింది. ఒకసారి వెళ్లి వాకిట్లో నిలబడి నాలుగు మాటలు అనేసి, నీళ్లు కూడా ముట్టకుండా తిరిగి వచ్చిందట. మళ్లీ నాగేపల్లి మొహం చూడలేదు. నేను కాపురానికి వచ్చేనాటికే అది ఏళ్ల నాటి మాట.

జడలు రెండు రకాలు. తినేవి అరుగు మీద వెదురుకు వేలాడేవి, ఎవరైనా తెంపుకోవచ్చు. మంచి గడ్డలు ఏరి అల్లిన విత్తనపు జడలు మాత్రం వంటింట్లో కట్టెల పొయ్యికి పైన, దూలానికి కట్టి ఉండేవి. పొగకు అవి నల్లబడేవి. చూస్తే ఎవరూ ముట్టాలనుకోరు. ఆమె కూడా నాటే రోజు దాకా ముట్టేది కాదు.

మూడో ఏడు మా ఆయన కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. రెండు గదులు, పైన స్లాబు. గ్యాసు పొయ్యి కూడా తెచ్చాడు. వంటింటి గోడ ఒరిగి ఉంది కాబట్టి వానలకు ముందే పడగొట్టాలని నిర్ణయమైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తమ్మకు మలేరియా వచ్చింది. ఆసుపత్రిలో పది రోజులుండి వచ్చాక కూడా చాలా రోజులు లేవలేకపోయింది. ఇల్లు నా చేతికొచ్చింది.

పెంకులు దించేటప్పుడు విత్తనపు జడలు నేనే దించాను. మూడు జడలు. కొత్త గదిలో వాటిని కట్టడానికి దూలం లేదు. మేకు కొట్టి గోడకు తగిలిస్తే మసి అంటింది. రెండో రోజే ఎలుక ఒక గడ్డ కొరికింది. నేను బాగా ఆలోచించాను. ఆకులు కత్తిరించి, గడ్డలు తుడిచి, యూరియా సంచిలోపల ఉండే మందపాటి ప్లాస్టిక్ కవరు కడిగి ఆరబెట్టి అందులో పోసి, గాలి దూరకుండా దారంతో మూతి బిగించి, నా పెళ్లి పెట్టెలో పెట్టాను. ఇనుప పెట్టె. తాళం కూడా వేశాను. ఎంత భద్రంగా దాచానో అత్తమ్మ లేచాక చూపించి మెప్పు పొందాలనుకున్నాను. మంచంలోంచి ఆమె ఒకసారి అడిగింది కూడా, ఇత్తనం ఎక్కడుందని. జాగ్రత్తగా ఉందన్నాను.

ఆ ఏడు వాన విడవకుండా కొట్టింది. దసరా దాటి ఎండ కాసిన రోజున ఆమె కర్ర పట్టుకుని మడి దగ్గరికి వెళ్లి వచ్చి, నేల పదునుగా ఉందని, విత్తనం తెమ్మని చెప్పింది. నేను సంతోషంగా పెట్టె తెరిచాను. మూత లేవగానే వాసన కొట్టింది. ఎల్లిగడ్డ వాసన కాదు, మురిగిన గుడ్డల వాసన. కవరు లోపలంతా నీటి చుక్కలు. సగం గడ్డలు నల్లగా బూజు పట్టి వేలు పెడితే దిగిపోతున్నాయి. మిగిలినవి చీకట్లోనే మొలిచి, పసుపు మొలకలు ఒకదానికొకటి చుట్టుకుని అక్కడే కుళ్లిపోయాయి.

అత్తమ్మ నేల మీద కూర్చుని కవరు తన ముందుకు లాక్కుంది. ఒక్కొక్కటీ తీసి, నొక్కి చూసి, పక్కన పెట్టింది. తొందరపడలేదు. చివరి గడ్డ దాకా చూసింది. ఒక్కటి కూడా గట్టిగా లేదు.

"పొగ తగలలే. ఊపిరాడలే దీనికి," అని మాత్రం అని, చేతులు కడుక్కుని గేదెకు నీళ్లు పెట్టడానికి వెళ్లింది.

తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ రోజంతా ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది, అన్నం తిన్నావా అని కూడా అడిగింది. నేను కొట్టంలో గడ్డిమోపు వెనక కూర్చుని ఏడ్చాను. తినే జడలు వానల్లోనే అయిపోయాయి. ఊళ్లో ఇద్దరు ముగ్గురికి ఆమె ఎప్పుడో విత్తనం ఇచ్చింది గానీ వాళ్లు తిన్నారే తప్ప దాచలేదు. మా ఆయన సిరొంచ నుంచి సంచిడు తెచ్చాడు. తెల్లటి పెద్ద గడ్డలు, చూడముచ్చటగా ఉన్నాయి. అత్తమ్మ ఒక పాయ కొరికి, కూరకు బాగుంటుందని చెప్పి డబ్బాలో పోసింది. మడి ఖాళీగానే ఉంది.

చామోర్షి అంగడికి చుట్టుపక్కల పల్లెల నుంచి నాటు ఎల్లిగడ్డ వస్తుందని ఎవరో చెప్పగా విన్నాను. వెళ్దామా అని ఆమెను అడిగాను. రెండు రోజుల తర్వాత పొద్దున్నే జరీ అంచు చీర కట్టుకుని వచ్చి, బస్సు ఎన్నింటికని అడిగింది.

ఆ దారి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గుంటల్లో ఎర్ర బస్సు ఊగుతూ, అడవిలో గంటల తరబడి. అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. జ్వరం తర్వాత ఆమె ఎంత చిక్కిపోయిందో ఆ రోజు పక్కన కూర్చుంటే తెలిసింది, బస్సు కుదిపినప్పుడల్లా ఆమె భుజం ఎముక నాకు తగిలేది. ఆలాపల్లిలో బస్సు మారాం. నాగేపల్లి దాటుతున్నప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. నిద్ర కాదని నాకు తెలుసు.

చామోర్షిలో మధ్యాహ్నం ఎండలో అంగడంతా తిరిగాం. ఎల్లిగడ్డ కుప్పలు చాలానే ఉన్నాయి. నేను మరాఠీలో అడుగుతుంటే ఆమె వెనక నిలబడి ఒక్కో కుప్ప నుంచి ఒక్కో గడ్డ తీసి, పొర గీకి వాసన చూసి, తిరిగి పెట్టేది. ఒక ముసలామె దగ్గర ఎర్రపొర గడ్డలు కనిపించాయి.  అత్తమ్మ గడ్డ విప్పింది. లోపల లావుగా, ఐదారు పాయలే ఉన్నాయి. బాగుంది గానీ మనది కాదని ఆ ముసలామెకు తెలుగులోనే చెప్పి, ఏమనుకోవద్దన్నట్టు ఆమె చెయ్యి తట్టింది. ఇంక తిరగలేక ఒక బండి నీడన కూర్చున్నాం. అప్పుడు నేను క్షమించమని అడిగాను. ఇంట్లో అన్ని రోజులూ నోరు రాలేదు, అక్కడ వచ్చింది. ఆమె నా మొహం చూసి, కొంగు ఇచ్చి తుడుచుకోమంది.

తిరుగు బస్సులో కండక్టరు వచ్చాడు. ఆలాపల్లికి రెండు అని నేను డబ్బులు చాచాను. అత్తమ్మ నా ముంజేయి పట్టుకుంది.

"నాగేపల్లి అడుగు," అంది.

మేం దిగేసరికి పొద్దు వాలుతోంది. దారి ఆమె ఎవరినీ అడగలేదు. వేపచెట్టు పక్కన ఒక పెంకుటిల్లు, అరుగు మీద ఒక ముసలమ్మ చేటలో కందిపప్పు ఏరుతూ ఉంది. అత్తమ్మ ముక్కే ఆమెకూ ఉంది. ఒక కన్ను పొర కమ్మి తెల్లగా ఉంది. ఎవరని అడిగింది. అత్తమ్మ వాకిట్లో ఆగిపోయింది. నేనే ఏదో చెప్పబోతుంటే, "నేనే అక్కా," అంది అత్తమ్మ.

ముసలమ్మ చేట కింద పెట్టింది.  తర్వాత లేచి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, కాళ్లు కడుక్కోమంది. అత్తమ్మ రెండు చేతులతో ఆ చెంబు అందుకుంది.  మా ఆయనకు పెద్దమ్మ, ఇక నాకూ పెద్దమ్మే అయిన ఆమె నన్ను గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది.

అన్నం పెట్టారు. పప్పుచారు, వంకాయ కూర. అత్తమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. నాకూ తెలిసింది. తాలింపులో ఆ ఘాటు.

"ఇది అవ్వ ఎల్లిగడ్డ," అంది అత్తమ్మ. వాళ్లు తల్లిని అవ్వ అనేవాళ్లు.

"మరి ఇంకెవ్వలది?" అంది పెద్దమ్మ.

తల్లి పోయాక కూడా పెరట్లో రెండు గజాల చోటులో ఆమె ఏటా అదే వేస్తోందట. అత్తమ్మ కంచం వైపే చూస్తూ, తన ఇంట్లో విత్తనం పోయిందని చెప్పింది. ఎట్ల పోయిందని పెద్దమ్మ అడిగింది. నేను నోరు తెరవబోయాను. అత్తమ్మ నన్ను మాట్లాడనివ్వలేదు. "వానకు పోయింది. ఈ యేడు వాన మస్తు గొట్టింది," అంది. నేను తల వంచుకుని అన్నం కలిపాను. 

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు పెద్దమ్మే ఆ పాత మాట ఎత్తింది. అవ్వ పోయిన పొద్దున్నే ఒక మనిషిని పంపిందట. వాగు పొంగి అతను దాటలేక, రెండు రోజులు అవతల కాచుకుని తిరిగి వచ్చాడట.

"నీ కోసం అవ్వను తెల్లారి పొద్దెక్కేదాక ఆపిన చెల్లె. వాన తగ్గలే. ఇగ ఎంతసేపని ఆపుదు?"

 ఆ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అత్తమ్మ అడిగింది.

"నువ్వు అడిగినవా? వాకిట్ల నిలవడి తిట్టి పోయినవ్."

దానికి అత్తమ్మ నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ వక్కాకు సంచి విప్పి ఒక వక్కముక్క ఆమె చేతిలో పెట్టింది.

మరునాడు పొద్దున పెద్దమ్మ పొయ్యి రాజేస్తుంటే నేను పక్కన కూర్చుని నిజం చెప్పేశాను. ఇనుప పెట్టె, ప్లాస్టిక్ కవరు, తాళం, అన్నీ. ఆమె ఊదుగొట్టం పక్కన పెట్టి, దగ్గు వచ్చేంత నవ్వింది. తన పెళ్లయిన కొత్తలో విత్తనపు జడ అని తెలియక మొత్తం తెంపి దంచి మామిడికాయ తొక్కులో వేసిందట. తొక్కు మాత్రం గొప్పగా కుదిరిందట. తల్లి ఒక్క మాట అనకుండా ఇంకో జడ తెచ్చి ఇచ్చిందట. ఈ సంగతి అత్తమ్మకు తెలుసా అని అడిగితే, తెలియకేం, ఆ తొక్కు సగం తిన్నది అదే అని చెప్పింది.

పొయ్యి పైన దూలానికి ఆమె జడలు నాలుగు ఉన్నాయి. రెండు దించి ఇచ్చింది. బస్సులో అత్తమ్మ వాటిని సంచిలో పెట్టనివ్వలేదు, ఒళ్లో పెట్టుకుంది. చీరంతా మసి అయింది. జిమల్‌గట్టలో చాయ కోసం బస్సు ఆగినప్పుడు సీతాఫలాలు అమ్ముతున్న ఒక గోండు ఆడమనిషి కిటికీ దగ్గరికి వచ్చి, ఆ జడను చూసి గోండిలో ఏదో అడిగింది. మాకు మాటలు అర్థం కాలేదు గానీ, నాటుతున్నట్టు వేలితో చూపించడం అర్థమైంది. అత్తమ్మ రెండు గడ్డలు తెంపి ఇచ్చింది. మొన పైకి పెట్టాలని తనూ వేలితోనే చూపించింది. ఆమె రెండు సీతాఫలాలు మా ఒళ్లో పెట్టి వెళ్లింది. విత్తనమే తక్కువగా ఉంటే ఇస్తారా అని నేను అడిగాను.

"ఒక్క ఇంట్లనే ఉంటే ఒక్కసారే పోతది బిడ్డా. మనకు తెల్వలేదా?" అంది.

ఆ ఏడు నాటడం ఆలస్యమైంది. గడ్డలు గోలీల కంటే కాస్త పెద్దవి, అంతే. అయినా నేల నుంచి లాగినప్పుడు ఎర్రగా, గట్టిగా వచ్చాయి. మా ఆయన ఇంటి వెనక నాలుగు గుంజలు పాతి చిన్న పాక వేసి, దానిలో కట్టెల పొయ్యి పెట్టాడు. గ్యాసు ఉన్నా స్నానాల నీళ్లు అందులోనే కాచేవాళ్లం, పైన దూలానికి పొగ తగలడానికి.

గడ్డలు తీసే వారానికి పెద్దమ్మ వచ్చింది. నాలుగు రోజులకని వచ్చింది, ఉగాది పచ్చడి కూడా మా ఇంట్లోనే తిన్నది. అక్కాచెల్లెళ్లు కొత్త పాకలో ఎదురెదురుగా కూర్చుని జడలు అల్లేవాళ్లు. పనిలో పనిగా కొట్లాడుకునేవాళ్లు. అవ్వ మూడు పాయలతో అల్లేదని ఒకరు, నాలుగని ఒకరు. ఎవరి మాట వాళ్లదే, ఎవరి జడ వాళ్లదే. ఒక పొద్దున ఇద్దరూ ఆకులున్న గడ్డలు కొన్ని నా ముందుకు తోసి, ఈసారి విత్తనపు జడ నువ్వు అల్లు అన్నారు. నేను భయపడుతూనే మొదలుపెట్టాను. మూడు పాయలా, నాలుగా అని అడిగితే అక్కా చెల్లెళ్లిద్దరూ ఒకేసారి జవాబు చెప్పారు, రెండు రకాలుగా. నేను మూడుతో మొదలుపెట్టి మధ్యలో నాలుగు చేశాను. పెద్దమ్మ తన మంచి కన్ను దగ్గరికి తెచ్చుకుని దాన్ని చాలాసేపు పరీక్షగా చూసి, చెల్లెలి చేతికిచ్చింది. అత్తమ్మ స్టూలు ఎక్కి దాన్ని దూలానికి, సరిగ్గా పొయ్యి పైన, తనే కట్టింది.